సగటు వాన ఎవరి చేలో కురిసింది?

‘జిల్లాలో సాధారణ వర్షపాతం నమోదైంది’... పేపర్లో ఈ వార్త చదివిన రైతు తలెత్తి చేను వైపు చూస్తే అక్కడ శెనక్కాయ తల వాల్చేసి ఉంటుంది. వార్త అబద్ధం కాదు. ఎండిన చేనూ అబద్ధం కాదు. మరి తిరకాసు ఎక్కడుంది? సగటులో ఉంది! ఒక్క అంకె దాచేసే సంగతుల్ని అంకెల ‘ఆకారం’ బయటపెడుతుంది. నల్లమాడ వానలోంచి ఆ ఆకారాన్ని చూద్దాం రండి.

‘పదునైందా అన్నా?’

శ్రీ సత్యసాయి జిల్లాలో కదిరి, పుట్టపర్తి పట్టణాలకు దగ్గర్లోని మండల కేంద్రం నల్లమాడ. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడే వరకూ ఇది అనంతపురం జిల్లాలో ఉండేది. ఎర్రనేలలు, బోర్లు, వాటికి మించి ఆకాశం... ఇవే ఇక్కడి సేద్యానికి ఆధారం. పడమటి కనుమల చాటున ఉండటంతో నైరుతి రుతుపవనాలు ఇక్కడికి వచ్చేసరికే నీరసిస్తాయి. తూర్పు తీరానికి దూరం కావడంతో ఈశాన్య రుతుపవనాలూ అంతంతమాత్రమే. ఉమ్మడి అనంతపురం జిల్లా ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఇంత తక్కువ వానను నమ్ముకునే 2000 దశకంలో ఆ జిల్లా రైతులు దాదాపు ఎనిమిది లక్షల హెక్టార్లలో వేరుశనగ వేసేవారు.

మృగశిర కార్తె మొదలైతే చాలు, ఇక్కడ ఏ రచ్చబండ దగ్గరైనా ఒకటే మాట. ‘మీ పక్క పదునైందా అన్నా?’, ‘మా చేలో నాగలి దిగేంత పడలేదప్పా, గట్టవతల బాగా కొట్టింది’. మిల్లీమీటర్ల లెక్క ఎవరూ అడగరు. ఎప్పుడు పడింది, ఎన్నాళ్లు ఆగింది, ఏ కార్తెలో మొహం చాటేసింది... ఇవే అడుగుతారు. గణాంక శాస్త్రం మాటల్లో చెప్పాలంటే వీళ్లు అడిగేది సగటు కాదు, విస్తరణ. అంటే అంకెలు ఎలా పరుచుకున్నాయన్న సంగతి. ఆ శాస్త్రం పుట్టకముందే కార్తెల పేరుతో ఏడాదిని 27 ముక్కలు చేసి, వానను ముక్కముక్కగా గుర్తుపెట్టుకున్న లెక్క ఇది!

పదకొండేళ్ల వాన కథ

ఒక ఊరిని ఊహించుకుందాం. అక్కడ పదకొండేళ్లపాటు పడిన వానను చిన్న అంకె నుంచి పెద్ద అంకె వరకు వరుసగా పేర్చితే ఇలా ఉందనుకోండి (మిల్లీమీటర్లలో): 310, 360, 400, 430, 460, 480, 510, 540, 630, 840, 1090.

అన్నీ కూడితే 6050. పదకొండుతో భాగిస్తే సరిగ్గా 550. బాగానే ఉందనిపిస్తుంది కదూ! ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. ఈ పదకొండేళ్లలో 550 కంటే తక్కువ పడిన ఏళ్లెన్ని? ఎనిమిది! సగటు దాటినవి మూడే. అంటే ఈ ఊళ్లో రైతు ‘సగటు వాన’ను నమ్మి విత్తితే పదకొండుసార్లలో ఎనిమిదిసార్లు మోసపోతాడు. అయినా సగటులో కూడిక తప్పు ఒక్కటి కూడా లేదు.

ఎందుకిలా? చివరి రెండేళ్లు కుండపోతగా కురిసి సగటును పైకి లాగేశాయి. ఇలాంటిచోట సగటుకన్నా నమ్మకంగా చెప్పేది మధ్యగతం. అంకెల్ని వరుసలో నిలబెట్టి, సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని తీసుకోవడమే మధ్యగతం. మన వరుసలో ఆరోది, 480. దానికి అటు అయిదేళ్లు, ఇటు అయిదేళ్లు. 1090 పడిన ఏడాది 2000 పడినా మధ్యగతం అంగుళం కదలదు. సగటు మాత్రం ఎగిరి గంతేస్తుంది.

ఒరిగింది ఏ పక్కకి?

ఇవే అంకెల్ని గళ్ల కాగితం మీద గీస్తే 400, 500 దగ్గర ఒక గుట్ట లేస్తుంది. కుడివైపు 840, 1090 దాకా సన్నటి తోక సాగుతుంది. గుట్ట ఒకపక్కకి చేరి, తోక ఇంకోపక్కకి పోవడాన్నే స్క్యూనెస్ అంటారు. మన పాఠ్యపుస్తకాల భాషలో అసౌష్ఠవం. తోక కుడివైపుంటే అది ధనాత్మకం, ఎడమవైపుంటే రుణాత్మకం.

ఈ ఒరుగుడును కొలవడానికి దారి చూపినవాడు ఇంగ్లండుకు చెందిన కార్ల్ పియర్సన్. ప్రకృతిలో అన్ని కొలతలూ గంట ఆకారంలో అటూ ఇటూ సమానంగా ఉండవనీ, ఒరిగిన ఆకారాలకు విడిగా లెక్కలు కావాలనీ 1895లో ఒక పెద్ద వ్యాసమే రాశాడాయన. ఆయన పేరుతో ఉన్న ఒక సులువైన సూత్రం ఇప్పటికీ డిగ్రీ పిల్లలు నేర్చుకుంటారు. సగటులోంచి మధ్యగతాన్ని తీసేసి, మూడుతో గుణించి, ప్రామాణిక విచలనంతో భాగించడమే. ప్రామాణిక విచలనం అంటే అంకెలు సగటుకు ఎంత దూరంగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. మన పదకొండేళ్లకు అది 219. సగటుకూ మధ్యగతానికీ తేడా 70. మూడుతో గుణిస్తే 210. భాగిస్తే దాదాపు 0.96. రెండుపక్కలా సమానంగా ఉంటే ఇది సున్నా రావాలి. ఒకటికి దగ్గరగా వచ్చిందంటే ఒరుగుడు గట్టిదే!

తోక పొడవెంత?

ఒరుగుడు తర్వాత చూడాల్సింది తోక బరువు. దాన్ని చెప్పే కొలత కర్టోసిస్. 1905లో ఈ పేరును వాడుకలోకి తెచ్చిందీ పియర్సనే. గంట ఆకారపు సాధారణ విస్తరణకు దీని విలువ 3. అంతకంటే ఎక్కువుంటే అరుదైన, విపరీతమైన సంఘటనలకు చోటు ఎక్కువని అర్థం.

దీన్ని గుర్తుంచుకోవడానికి ఓ సరదా బొమ్మ ఉంది. డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేస్తూ ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో వ్యాసాలు రాసిన విలియం గోసెట్ 1927లో గీశాడు. తక్కువ కర్టోసిస్‌కు పొట్టి తోక ప్లాటిపస్‌ను, ఎక్కువ కర్టోసిస్‌కు పొడవాటి తోకలున్న రెండు కంగారూలను! చాలా పుస్తకాలు మాత్రం కర్టోసిస్ అంటే శిఖరం మొనదేలి ఉండటమని చాలాకాలం రాస్తూ వచ్చాయి. అది పొరపాటనీ, అసలు కథంతా తోకల్లోనే ఉందనీ వివరిస్తూ పీటర్ వెస్ట్‌ఫాల్ అనే అమెరికా ఆచార్యుడు 2014లో వ్యాసం రాశాడు.

మన ఊరి లెక్కే చూడండి. పదకొండేళ్లకు కర్టోసిస్ సుమారు 3.9 వస్తుంది. సగటు నుంచి ఒక్కో ఏడాది ఎంత దూరముందో చూసి, ఆ దూరాన్ని నాలుగుసార్లు గుణించి కూడితే వచ్చే కొలత ఇది. ఆ కూడికలో 1090 మిల్లీమీటర్ల ఏడాది ఒక్కదాని వాటాయే 87 శాతం! మిగతా పదేళ్లూ కలిసి 13 శాతం. ఒక్క తోక మొత్తం కథను నడిపిస్తుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

తోకంటే కాగితం మీది గీత మాత్రమే కాదు. 2021 నవంబరులో చిత్రావతి ఉప్పొంగినప్పుడు వరదలో చిక్కుకున్న పదిమందిని వాయుసేన హెలికాప్టర్ వచ్చి కాపాడాల్సి వచ్చింది. ఏడాదిలో ఎక్కువకాలం ఇసుకే కనిపించే నది అది! 2009 సంగతీ అంతే. దేశమంతా కరువుతో అల్లాడిన ఏడాది. అదే ఏడాది అక్టోబరు మొదట్లో కర్నూలు నగరం నీట మునిగింది. ఎండిన నెలల్నీ ముంచిన రోజుల్నీ కలిపి సగటు తీస్తే రెండు కష్టాలూ మాయమవుతాయి. కాగితం మీద మిగిలేది ‘పరవాలేదు’ అన్న మాటే.

ఒకే వాన, రెండు పంటలు

ఏళ్ల సంగతి అలా ఉంచి ఒక్క వానాకాలంలోకి వద్దాం. మృగశిర నుంచి ఉత్తర వరకు ఎనిమిది కార్తెలు. రెండేళ్లూ ఈ కాలంలో 340 మిల్లీమీటర్లే పడిందనుకోండి.

మొదటి ఏడు వరుసగా 30, 35, 50, 40, 45, 45, 50, 45. రెండో ఏడు 20, 15, 65, 5, 0, 5, 10, 220. కూడి చూడండి, రెండూ 340! సగటు కార్తెకు 42.5 చొప్పున రెంటికీ ఒకటే.

ఇప్పుడు చేలోకి వెళ్దాం. రెండేళ్లూ పునర్వసులో పదునై విత్తనం పడింది. వేరుశనగ పువ్వు పైన పూసి, ఊడ నేలలోకి దిగి, కాయ మట్టిలో ఊరుతుంది. జులై రెండో వారంలో విత్తితే ఊడలు దిగే వేళకు మఖ, పుబ్బ కార్తెలు నడుస్తుంటాయి. నేల మెత్తగా, తడిగా ఉంటేనే ఊడ దిగుతుంది. మొదటి ఏడు దిగింది. రెండో ఏడు పుష్యమి నుంచి పుబ్బ దాకా దాదాపు రెండు నెలలు నేల బిగుసుకుపోయింది. ఉత్తరలో 220 మిల్లీమీటర్లు ఒక్కసారిగా కుమ్మరించినా ఆకు పచ్చబడుతుందేమో గానీ, తప్పిపోయిన ఊడలు తిరిగిరావు. పైగా లోతు తక్కువ ఎర్రనేల అంత నీటిని పట్టి ఉంచుకోలేదు. వచ్చింది వచ్చినట్టే వంకపాలు.

మొదటి ఏడు ఇంటికి కాయలొచ్చాయి. రెండో ఏడు పశువుల మేతకు కట్టె మిగిలింది. పేపర్లో మాత్రం రెండేళ్లూ ఒకటే వార్త! వాతావరణ శాఖ పద్ధతిలో సాధారణానికి 19 శాతం అటూ ఇటూ ఉన్నా అది ‘సాధారణ వర్షపాతం’ కిందే జమ. ఏడాది సగటు 550 అనుకుంటే సుమారు 446 నుంచి 654 వరకూ అన్నీ సాధారణమే. ఆ మాట అబద్ధం కాదు. చేనుకు కావాల్సిన మాట అది కాదు, అంతే.

బీమా లెక్కలో సగటు

సగటు చిక్కు వానతో అయిపోతే బాగుండు. నష్టపోయిన రైతుకు బీమా డబ్బు ఎంత రావాలో తేల్చేచోటా అదే కూర్చుంది. 1999-2000 రబీ నుంచి అమలైన జాతీయ వ్యవసాయ బీమా పథకంలో వేరుశనగ లాంటి పంటలకు గత అయిదేళ్ల సగటు దిగుబడిని తీసుకునేవారు. దాన్ని ఆ ప్రాంతానికి నిర్ణయించిన హామీ శాతంతో గుణిస్తే గీటురాయి దిగుబడి వచ్చేది. దిగుబడి ఆ గీత కంటే తగ్గితేనే పరిహారం.

ఇక్కడా ఓ ఊహా లెక్క వేద్దాం. ఏడేళ్ల దిగుబడి ఎకరాకు కిలోల్లో: 500, 120, 480, 150, 420, 100, 450. మంచి ఏళ్లలో నాలుగైదు వందలు, చెడ్డ ఏళ్లలో వందకు కాస్త అటూ ఇటూ. వాన లెక్కలో తోక కుడివైపుంటే ఇక్కడ ఎడమవైపు తిరిగింది. చెడ్డ ఏళ్లు సగటును కిందికి లాగేస్తాయి. ఏడేళ్ల మధ్యగతం 420 అయితే సగటు 317 మాత్రమే!

చివరి అయిదేళ్ల సగటు 320. హామీ 80 శాతమైతే గీత 256 దగ్గర పడుతుంది. ఈ ఏడు 280 కిలోలు పండితే? మంచి ఏడాదితో పోలిస్తే పంట దాదాపు సగమే వచ్చింది. అయినా గీత దాటింది కాబట్టి రైతుకు పైసా రాదు. వరసగా కరువులొచ్చిన ఊరికి గీత ఇంకా కిందికి దిగుతుంది. ఎక్కువ నష్టపోయినవాడికే తక్కువ హామీ అన్నమాట!

2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన ఈ చిక్కును కొంత సరిచేసింది. గత ఏడేళ్లలో మెరుగైన అయిదేళ్ల సగటును తీసుకోవడం ఆ పథకంలోని పద్ధతి. మన లెక్కలో 100, 120 ఉన్న రెండేళ్లూ పక్కకు పోతాయి. మిగిలిన అయిదేళ్ల సగటు 400. అందులో 80 శాతం 320. అదే 280 కిలోల పంటకు ఇప్పుడు 40 కిలోల లోటు, అంటే ఎనిమిదో వంతు. ఎకరాకు 20 వేల రూపాయల బీమా ఉంటే 2,500 రూపాయలు చేతికొస్తాయి. పంట మారలేదు, నేల మారలేదు. సగటు తీసేముందు తోకను కాస్త కత్తిరించారు, అంతే!

ఇక వాతావరణ ఆధారిత బీమాది ఇంకో దారి. దిగుబడిని కాకుండా వాననే కొలిచి పరిహారం ఇస్తారు. మొత్తం వాన లోటుతో పాటు వరసగా ఎన్ని రోజులు చినుకు లేదన్నదీ షరతుల్లో ఉంటుంది. ఈ ఆలోచన మన పొరుగునే పుట్టింది. హిందూపురానికి ఆనుకునే ఉన్న నాటి మైసూరు సంస్థానంలో జె.ఎస్. చక్రవర్తి 1920లోనే వానను బట్టి బీమా ఇవ్వాలని పుస్తకం రాశారు. దేశంలో అది తొలిసారి ప్రయోగంగా అమలైంది 2003లో. అదీ తెలుగునాటే... మహబూబ్‌నగర్ జిల్లాలో బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి వేరుశనగ, ఆముదం రైతుల కోసం మొదలుపెట్టాయి.

అందుకే బీమా చేసే రైతు ప్రీమియం ఎంత అని మాత్రమే అడిగితే చాలదు. మా పంటకు ఈ ఏడు దిగుబడి పద్ధతా, వాతావరణ పద్ధతా? గీత ఏ ఏళ్ల సగటు మీద గీశారు? వాన కొలిచే యంత్రం మా ఊళ్లో ఉందా, మండల కేంద్రంలో ఉందా? ఈ మూడూ అడగాలి. గట్టవతల కురిసిన వాన మన ఖాతాలో పడే ప్రమాదం ఉంది మరి!

ఆకారం చదివిన మన మనిషి

ఈ లెక్కల లోకంలో ఓ తెలుగు పేరు దిక్కులన్నిటా వినిపిస్తుంది. కల్యంపూడి రాధాకృష్ణ రావు, అందరికీ సి.ఆర్.రావు. 1920 సెప్టెంబరు 10న ఆనాటి బళ్లారి జిల్లా హడగలిలో పుట్టారు. 1882లో అనంతపురం జిల్లా విడిపడింది ఆ బళ్లారి జిల్లాలోంచే. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ముగించి, 1941లో కలకత్తాలోని భారత గణాంక సంస్థకు చేరారు.

ఆ సంస్థను 1931లో స్థాపించిన ప్రశాంతచంద్ర మహలనోబిస్‌కు వానలతో ముందే పరిచయం. కలకత్తాలో వాతావరణ శాఖాధికారిగా పనిచేసిన ఆయన ఉత్తర బెంగాల్ వరదల మీద ఏళ్లనాటి వాన లెక్కలు తీసి పరిశీలించారు. చేలల్లో అక్కడక్కడా చిన్న గడులు కొలిచి కోసి, దాన్నిబట్టి ప్రాంతం మొత్తం దిగుబడిని అంచనా వేసే పద్ధతికి మన దేశంలో బలమైన పునాది వేసినవారిలో ఆయనొకరు. నేడు దిగుబడి బీమా కోసం ఊళ్లలో చేసే ‘పంట కోత ప్రయోగం’ ఆ తోవలోదే.

సి.ఆర్.రావు 1948లో ‘స్కోర్ టెస్ట్’ అనే పరీక్షా సూత్రాన్ని ప్రతిపాదించారు. అంకెలు గంట ఆకారంలో ఉన్నాయా, లేక ఒరిగి తోకలు సాచాయా అని స్క్యూనెస్‌నూ కర్టోసిస్‌నూ కలిపి తేల్చే జార్క్-బెరా పరీక్ష 1980లో వచ్చింది. అది నిలబడింది ఆ సూత్రం మీదే. 2001లో పద్మవిభూషణ్, 2023లో అంతర్జాతీయ గణాంక శాస్త్ర బహుమతి అందుకున్న రావు అదే ఏడాది ఆగస్టు 22న, 102 ఏళ్ల వయసులో అమెరికాలో కన్నుమూశారు.

మీరూ చూడొచ్చు

ఇదంతా పెద్ద చదువులవాళ్ల పని అనుకోనక్కర్లేదు. ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్లలుంటే చాలు. మీ మండలం వాన లెక్కలు కార్తెల వారీగా క్యాలెండర్ మీద రాసిపెట్టండి. పదేళ్లయ్యాక, లేదా పాత లెక్కలు దొరికితే ఇప్పుడే, ఒక్కో కార్తెకు అంకెల్ని చిన్న నుంచి పెద్దకు పేర్చండి. మధ్యలోని అంకెను గుండ్రంగా చుట్టండి. సగటు కూడా పక్కన రాయండి. సగటు పెద్దదిగా, మధ్య అంకె చిన్నదిగా ఉంటే ఆ కార్తెలో ‘ఒక్కోసారి దంచుతుంది, ఎక్కువసార్లు ఎగ్గొడుతుంది’ అని అర్థం. రెండూ దగ్గరగా ఉంటే అంకెలు రెండుపక్కలా ఇంచుమించు సమానంగా పరుచుకున్నట్టు. ఆ తర్వాత అన్నిటికంటే చిన్న రెండు అంకెలు చూడండి. ఆ ఏడు మళ్లీ వస్తే ఇల్లు ఎలా గడుస్తుందో విత్తనాల సంచి విప్పకముందే మాట్లాడుకోండి.

కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం బెట్టను తట్టుకునే వేరుశనగ రకాల కోసం ఏళ్లుగా పనిచేస్తున్నదీ ఆ చెడ్డ ఏళ్ల కోసమే. కందిలాంటి పంటను సాళ్లమధ్య కలిపి వేయమని పెద్దలు చెప్పిందీ అందుకే. మంచి ఏడాదిలో అందరికీ పండుతుంది. ఇల్లు నిలబడేదీ కూలేదీ తోక దగ్గరే.

ఈసారి పేపర్లో ‘సాధారణ వర్షపాతం’ అని కనిపిస్తే ఒక్క క్షణం ఆగండి. నల్లమాడ రచ్చబండ మీది పెద్దాయన అడిగే ప్రశ్ననే మీరూ అడగండి. ‘అది సరే నాయనా, ఏ కార్తెలో పడింది?’